తెలుగు అచ్చుకు తొలి విత్తనము – బెంజమిను షుల్జ్

ఆదివారమున మన గోదావరి పల్లెలలో విశ్వాసులు బైబిలు చేత పట్టుకొని ఆరాధనకు వచ్చుచున్నారు. తెలుగు అక్షరము మొట్టమొదట అచ్చుకెక్కినది ఎట్లో మనలో ఎరిగినవారు కొద్దిమందియే. కావున ఈ మాసము బెంజమిను షుల్జ్ దొరగారి జీవితమును ధ్యానించుకొందము.

షుల్జ్ 1689లో జర్మను కుటుంబములో జన్మించెను. హాలే పట్టణమున చదువుకొని 1719లో తరంగంబాడికి వచ్చెను. అచ్చటి మిషనెరీ జీగెన్‌బాల్గు ఆ సంవత్సరమే ప్రభువునందు నిద్రించెను. తమిళ పాత నిబంధన రూతు గ్రంథము వరకే తర్జుమా అయి ఆగిపోగా, మిగిలిన భాగమును షుల్జ్ పూర్తిచేసెను. అయితే ఆయన కోపస్వభావి. తోడి పరిచారకులతో పొసగలేదు. ఈ లోపమును మనము దాచ నక్కరలేదు. మట్టి ఘటములనే గదా ప్రభువు వాడుకొనుచున్నాడు.

1726లో ఆయన మద్రాసు చేరెను. అచ్చట తెలుగు మాటలాడు ప్రజలను చూచి, వారి భాష నేర్చుకొని, వ్యాకరణము వ్రాసెను. 1732 నాటికి బైబిలు అంతటిని తెలుగులోనికి తర్జుమా చేసెను. అయితే దానిని అచ్చువేయుట ఎట్లు? ఆనాడు ఇండియాలో తెలుగు అచ్చుకూటము లేదు. గుణింతములు, ఒత్తులు గల మన లిపికి సీసపు అచ్చులు ఎన్నియో పోతపోయవలెను.

1743లో ఆయన స్వదేశమునకు తిరిగి వెళ్లెను. హాలేలో తెలుగు అచ్చులు సిద్ధమాయెను. 1746, 1747 సంవత్సరములలో చిన్న ప్రశ్నోత్తరియు మరికొన్ని చిన్న భక్తి గ్రంథములును వెలువడెను. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకములు ఇవియే. కాని ఏండ్ల తరబడి శ్రమించి వ్రాసిన బైబిలు మాత్రము అచ్చు కాలేదు. 1760లో షుల్జ్ హాలేలోనే మరణించెను.

ఆయన ప్రయాసము వ్యర్థమాయెనా? తెలుగు ప్రజలు ఇంకను చాలకాలము కనిపెట్టవలసి వచ్చెను. విశాఖపట్టణములో దె గ్రాంజెస్, ఆనందరాయరు సహాయముతో, సువార్తలను తర్జుమా చేసి 1810లో మరణించెను. ఆయన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరున అచ్చుపడెను. ఆయనయు తన పుస్తకమును కన్నులార చూడలేదు. 1818లో ప్రిచెట్ తర్జుమా చేసిన క్రొత్త నిబంధన మద్రాసులో వెలువడెను. 1836లో ఇండియాకు వచ్చి నరసాపురము ప్రాంతమున పరిచర్య చేసిన బౌడెన్, బీర్ దొరల నాటికి తెలుగు వాక్యము అచ్చులో నుండెను.

షుల్జ్ వృద్ధాప్యములో హాలేలో ష్వార్ట్జు అను యౌవనునికి తమిళము నేర్పెను. ఆ యౌవనుడు 1750లో ఇండియాకు వచ్చి, 1798లో మరణించువరకు ఇచ్చటనే సేవ చేసెను. మూతబడిన వ్రాతప్రతి ప్రక్కనే దేవుడు మరియొక తలుపు తెరచెను.

మన సంఘములలో సండేస్కూలు ఉపాధ్యాయులు, బైబిలు స్త్రీలు, పేరులేని పెద్దలు ఎందరో ఫలము చూడకయే అలసిపోవుచున్నారు. యోహాను సువార్త 4వ అధ్యాయమున విత్తువారిని గూర్చియు కోయువారిని గూర్చియు ప్రభువు చెప్పినది ఈ వారము ఇంటిల్లిపాది కూర్చుండి చదువుదము. కోత మన కాలములో రాకపోయినను, విత్తుట మానకుందము.