మార్కెట్టును గెలిచి అలవాటుకు ఓడిన లివర్‌మోర్

ఉదయం కొన్న వాటాలను సాయంత్రంలోగా అమ్మివేసి లాభం గడించాలని చూసే వ్యక్తిగత మదుపరుల్లో ప్రతి పదిమందికి ఏడుగురు నష్టపోతున్నట్లు సెబీ 2024 జులైలో వెల్లడించిన అధ్యయనంలో తేలింది. 2022-23 ఆర్థిక సంవత్సరపు లావాదేవీలను పరిశీలించగా, ఏడాదిలో 500కు మించి బేరాలు చేసినవారిలో నష్టపోయినవారు 80 శాతం ఉన్నారు. బేరాలు చేసేకొద్దీ అనుభవం వచ్చి నష్టం తగ్గాలి. జరుగుతున్నది అందుకు విరుద్ధం. ఈ వైపరీత్యానికి మూలం మార్కెట్టులో కంటే మనిషి అలవాట్లలోనే ఎక్కువగా ఉందనడానికి అమెరికన్ స్పెక్యులేటర్ జెస్సీ లివర్‌మోర్ జీవితమే నిదర్శనం.

లివర్‌మోర్ 1877 జులై 26న మసాచుసెట్స్ రాష్ట్రంలోని ష్రూస్‌బరీలో పేద రైతు కుటుంబంలో జన్మించారు. చదువు మాన్పించి పొలం పనికి పెట్టాలని తండ్రి నిర్ణయించగా, తల్లి సహాయంతో ఇల్లు విడిచి బోస్టన్ చేరారు. పద్నాలుగేళ్ల వయసులో పెయిన్ వెబర్ బ్రోకరేజి సంస్థలో నల్లబల్లపై వాటాల ధరలు రాసే కొలువు దొరికింది. అంకెలను గుర్తుంచుకోవడంలో ఆయనకు అసాధారణమైన ప్రజ్ఞ ఉండేది. ధరల కదలికలను చిన్న పుస్తకంలో రాసుకొని, తన అంచనాలు ఎంతవరకు నెగ్గుతున్నాయో సరిచూసుకొనేవారు. మొదటి బేరంలో వచ్చిన లాభం 3 డాలర్ల 12 సెంట్లు.

ఆ బేరం జరిగింది స్టాక్ ఎక్స్ఛేంజిలో కాదు, ఆనాడు బకెట్ షాపులుగా పేరుపడిన పందెపు దుకాణాల్లో. అక్కడ వాటాల క్రయవిక్రయాలు వాస్తవంగా జరిగేవి కావు. టెలిగ్రాఫు ద్వారా వచ్చే ధర పెరుగుతుందా, తగ్గుతుందా అని పందెం కాయడమే పని. వాటాకు ఒక డాలరు చొప్పున ధరావతు కడితే చాలు. ధర అంతమేరకు ఎదురు తిరిగిన మరుక్షణం ఆ సొమ్ము దుకాణదారుది. నిమిషాల్లో ఫలితం తేలిపోయే ఈ పందాల్లో లివర్‌మోర్ ఎంతగా ఆరితేరారంటే, దుకాణదారులు ఆయన బేరాలు తీసుకోవడానికి నిరాకరించసాగారు. సాహసించి పందెం కాసే కుర్రవాడన్న బిరుదు ఆయనకు స్థిరపడింది.

బిరుదుతో పాటు అలవాటూ స్థిరపడింది. న్యూయార్క్ చేరి అసలైన ఎక్స్ఛేంజిలో వ్యాపారం ప్రారంభించగానే ఆ అలవాటే ఆయనను దెబ్బతీసింది. ఇక్కడ కనిపించే ధరకూ బేరం కుదిరే ధరకూ మధ్య వ్యత్యాసం ఉండేది. 1901 మే 9న నార్తర్న్ పసిఫిక్ రైల్వే వాటాల పోరు కారణంగా మార్కెట్టు కుప్పకూలింది. ధరలు పడిపోతాయన్న ఆయన అంచనా నిజమైనప్పటికీ, ఆర్డర్లు ఆలస్యంగా అమలు కావడంతో దాదాపు 50 వేల డాలర్లు ఒక్కరోజులో హరించుకుపోయాయి. ఆయన జీవితాన్నే పేరు మార్చి చెప్పిన ఎడ్విన్ లెఫెవర్ పుస్తకం 1923లో వెలువడింది. ప్రతిరోజూ ఏదో ఒక బేరం చేసితీరాలన్న తహతహే అందులో ప్రధాన శత్రువుగా కనిపిస్తుంది.

పెద్ద లాభాలు ఆయనకు ఓపిక పట్టినప్పుడే వచ్చాయి. చేతిలో లేని వాటాలను ముందుగా అమ్మి, ధర పడిపోయాక కొని అప్పగించే పద్ధతిలో 1907 అక్టోబరు సంక్షోభంలో ఒక్కరోజే పది లక్షల డాలర్లు ఆర్జించారు. మార్కెట్టు మరింత పతనం కాకుండా అమ్మకాలు ఆపాలని బ్యాంకర్ జె.పి.మోర్గాన్ పక్షాన ఆయనకు విజ్ఞప్తి అందింది. ముప్పై ఏళ్ల వయసుకు అంతటి ప్రతిష్ఠ!

మరుసటి ఏడాదే పతనం. పత్తి వ్యాపారంలో దిట్టగా పేరొందిన టెడ్డీ ప్రైస్ సలహాకు లొంగి, ఇతరుల మాట వినరాదన్న తన నియమాన్ని లివర్‌మోర్ తానే ఉల్లంఘించారు. లాభం చూపుతున్న గోధుమలను అమ్మివేసి, నష్టం చూపుతున్న పత్తిని ఇంకా కొంటూ పోయారు. చివరకు 1915లో దివాలా ప్రకటించక తప్పలేదు. లాభాన్ని తొందరపడి చేజిక్కించుకొని, నష్టాన్ని విడువలేక పట్టుకు వేలాడే ఈ ధోరణిని 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఆర్థికవేత్తలు శాస్త్రీయంగా వివరించారు. నష్టానికి అమ్మడమంటే పొరపాటును అంగీకరించడం. అమ్మనంతకాలం నష్టం కాగితం మీదనే ఉంటుంది, తాను సమర్థుడినన్న భావన చెక్కుచెదరదు.

కోలుకున్న లివర్‌మోర్ పాత బాకీలు తీర్చి, 1929 మహాపతనంలో దాదాపు 10 కోట్ల డాలర్లు గడించినట్లు చెబుతారు. అయిదేళ్లు తిరగకుండానే, 1934లో మళ్లీ దివాలా తీశారు. 1940లో వ్యాపార సూత్రాలపై స్వయంగా పుస్తకం రాశారు. నష్టాన్ని మొదట్లోనే తెంచుకోవాలని, నష్టపోతున్న సరకును మరింత కొనరాదని, లాభంలో సగం పక్కన దాచాలని అందులో బోధించారు. సూత్రాలు ఆయనకు తెలియనివి కావు. తెలిసిన సూత్రానికీ చేతి అలవాటుకూ మధ్య ఉన్న దూరాన్నే జీవితకాలంలో ఆయన దాటలేకపోయారు.

అదే ఏడాది నవంబరు 28న న్యూయార్క్‌లోని ఒక హోటలులో లివర్‌మోర్ ఆత్మహత్య చేసుకున్నారు. భార్యకు రాసిన చివరి మాటల్లో తనను తాను విఫలుడిగా పేర్కొన్నారు. గెలిచిన రోజు తనను గొప్పవాడిగా నిలిపిన లాభనష్టాల పట్టికనే ఓడిన రోజు కూడా కొలబద్దగా తీసుకున్నారు. ఒక బేరం తప్పడం వేరు, మనిషి తప్పిపోవడం వేరు అన్న విచక్షణ ఆ కొలబద్దలో లేదు.

బకెట్ షాపులు అమెరికాలో చట్టాలతో మూతపడ్డాయి. ధరను క్షణక్షణం చూపించి, చిన్న ధరావతుతో పెద్ద బేరానికి ఆహ్వానించే పద్ధతి మాత్రం నేడు చేతిలోని ఫోనులోకి వచ్చి చేరింది. సెబీ అధ్యయనం ప్రకారం ముప్పై ఏళ్లలోపు వారిలో నష్టపోయినవారు 76 శాతం. ఆ వయసు దాటకముందే లివర్‌మోర్ ఒకటికి మించిన సార్లు సర్వం కోల్పోయారు. ప్రతిసారీ లేచి నిలబడగలగడం ఆయన ప్రతిభ. ఆ లేచి నిలబడడమే తనకు ఓటమి లేదన్న నమ్మకంగా మారడం ఆయన దురదృష్టం.