పావులూరి మల్లన

పావులూరి మల్లన తొలితరం తెలుగు కవి, గణితవేత్త. ఈయన రచించిన సారసంగ్రహ గణితము తెలుగులో లభిస్తున్న తొలి గణిత గ్రంథము. ఇది పావులూరి గణితము అన్న పేరుతోనే ప్రసిద్ధి పొందినది. పావులూరు అనే గ్రామనామమే ఈయన ఇంటిపేరు.

కాలము

1022లో పట్టాభిషిక్తుడైన వేంగీ చాళుక్య ప్రభువు రాజరాజ నరేంద్రుని వలన పిఠాపురం ప్రాంతములోని నవఖండవాడను అగ్రహారముగా పొందిన మల్లన ఒకరున్నారు. ఆయనే గ్రంథకర్త అని కొందరి మతం. ఆయన కవికి తాత అని, కవి మనుమడని మరికొందరి వాదన. తాత పేరు మనుమడికి పెట్టడం మన ఆచారమే కనుక ఈ చిక్కు సహజము. మొదటి వాదము నిజమైతే మల్లన నన్నయకు సమకాలికుడు. రెండవది నిజమైతే రెండు తరాల తరువాతివాడు.

రచన

9వ శతాబ్దములో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమునాటి జైన గణితవేత్త మహావీరాచార్యుడు సంస్కృతములో రచించిన గణితసారసంగ్రహమే దీనికి మూలము. మల్లన శైవుడు. జైన సంప్రదాయానికి చెందిన ఉదాహరణల స్థానములో శైవపరమైనవి చేర్చాడు. శాస్త్రాన్ని పద్యాలలో చెప్పడం వలన అది కంఠస్థం చేయడానికి అనువైనది.

చదరంగపు సంఖ్య

మల్లన పేరు నేటికీ వినబడడానికి ముఖ్యకారణము ఒక చంపకమాల పద్యము. చదరంగపు మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇలా 64 గడులు నింపితే వచ్చే మొత్తము ఎంత? సమాధానము 1,84,46,74,40,73,70,95,51,615. అనగా 2 యొక్క 64వ ఘాతములో ఒకటి తక్కువ. అల్ బిరూనీ సుమారు 1000 ప్రాంతములో అరబ్బీలో ఇదే సంఖ్యను లెక్కించాడు.

ఈ 20 అంకెలను మల్లన భూతసంఖ్యలలో, ఒకట్ల స్థానము నుండి వరుసగా చెప్పాడు. శరము అనగా మన్మథబాణాలు, 5, శశి 1, రంధ్రము 9, వియత్తు అనగా ఆకాశము, సున్న, కుంజరము అనగా దిగ్గజాలు, 8. ఇక్కడ పాఠకుడు ఒకచోట జాగ్రత్త పడాలి. పురాణాలలో సముద్రాలు ఏడు; ఈ లెక్కలో అబ్ధి, పయోనిధి రెండూ నాలుగే. ఏడని తీసుకున్నవారికి సంఖ్య తప్పుతుంది. అంకెలుగా వ్రాస్తే లేఖకుని పొరపాటు కనబడదు. పద్యములో మాట మారితే చాలావరకు గణమో ప్రాసో చెడి తెలిసిపోతుంది. అందువలననే ఇంత పెద్ద సంఖ్య ఇన్ని తాటాకు ప్రతులను దాటి ఒక్క అంకె తప్పకుండా నిలిచినది.

దీనిని సరిచూడడం సులభమే. 2ను వర్గము చేస్తే 4, ఆపై 16, 256, 65,536, 429,49,67,296. ఆరవసారి వర్గము చేసి ఒకటి తీసివేయాలి. అంకెల మొత్తము 87 కనుక సంఖ్య 3చే భాగింపబడును, 9చే భాగింపబడదు. దీని ప్రధాన కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. వీటిలో 641, 67,00,417ల లబ్ధము 2 యొక్క 32వ ఘాతము కంటె ఒకటి ఎక్కువ. ఫెర్మా ప్రధానసంఖ్యగా భావించిన ఆ లబ్ధము 641చే భాగింపబడునని ఆయిలర్ 1732లో చూపాడు.