వద్దన్న సంబంధం... దేవుడిచ్చిన బంధం

పెళ్లి సంబంధం చూసేటప్పుడు మనం చాలా విషయాలు విచారిస్తాం. అబ్బాయి ఉద్యోగం, కుటుంబం, ఆస్తి అన్నీ అడుగుతాం. సంఘ కాపరి సలహా కూడా తీసుకుంటాం. కానీ అమ్మాయిని మాత్రం చివర్లో అడుగుతాం, ఒక్కోసారి అసలే అడగం. మార్టిన్ లూథర్ భార్య కాథరీనా వాన్ బోరా జీవితం ఈ విషయంలో మన కళ్లు తెరిపిస్తుంది.

ఆమె 1499లో జర్మనీలోని సాక్సనీ ప్రాంతంలో, పేరుకు గొప్పదే గాని కలిమి లేని వంశంలో పుట్టింది. ఐదేళ్ల ప్రాయంలోనే ఆమెను సన్యాసినుల మఠంలోని బడికి పంపించేశారు. తర్వాత నింబ్‌షెన్ మఠంలో చేర్చారు. 1515లో, పదహారేళ్ల వయసులో ఆమె సన్యాసినిగా ప్రమాణం చేసింది. తన బతుకు ఎలా ఉండాలో ఆమెను ఎవరూ అడగలేదు.

లూథర్ బోధలు మఠం గోడలు దాటి లోపలికి వెళ్లాయి. కొందరు సన్యాసినులు తమను విడిపించమని ఆయనకు కబురు పంపారు. మఠం విడిచిపోవడం నేరంగా శిక్షించే రోజులవి. 1523 ఈస్టర్ సమయంలో టోర్గావ్ పట్టణపు వర్తకుడు లియోన్‌హార్డ్ కోప్పె వారిని రాత్రివేళ తన బండిలో తప్పించాడు. వారిలో తొమ్మిదిమంది విటెన్‌బర్గ్ చేరారు. వారికి ఆశ్రయం, పెళ్లిళ్లు చూసే బాధ్యత లూథర్ భుజాన పడింది.

చిత్రకారుడు లూకస్ క్రానాక్ ఇంట్లో ఉన్న కాథరీనా, న్యూరెంబర్గ్ యువకుడు హీరోనిమస్ బామ్‌గార్ట్‌నర్‌ను ఇష్టపడింది. ఊరికి వెళ్లిన అతడు తిరిగి రాలేదు. అప్పుడు లూథర్ ఆమెకు కాస్పర్ గ్లాట్జ్ అనే పాదిరిని కుదర్చాలని చూశాడు. ఆమెకు ఆ సంబంధం ఇష్టం లేదు. ఆస్తీ, అండా లేని ఆ స్త్రీ తలవంచుకుని ఒప్పుకోలేదు. లూథర్ స్నేహితుడు ఆమ్స్‌డార్ఫ్ దగ్గరికి వెళ్లి, గ్లాట్జ్‌ను చేసుకోనని, ఆయననైనా లూథర్‌నైనా అయితే చేసుకుంటానని నిర్మొహమాటంగా చెప్పేసింది.

లూథర్‌కు అప్పటికి పెళ్లి ఆలోచనే లేదు. తాను ఏ క్షణాన చంపబడతానో అనుకుంటున్న మనిషి ఆయన. అయినా ఆమె మాటను తోసిపుచ్చలేదు. 1525 జూన్ 13న ఆమెను పెళ్లాడాడు. ఆయనకు 41, ఆమెకు 26 ఏళ్లు. రైతుల తిరుగుబాటులో దేశం రక్తసిక్తమైన వేళ ఇదేం పెళ్లని శత్రువులే కాదు, మిత్రులూ నొచ్చుకున్నారు. తనలో ప్రేమావేశమేమీ లేదని, ఆమె అంటే గౌరవం మాత్రం ఉందని లూథర్ ఆనాడే ఒప్పుకున్నాడు.

పరిచయస్థులుగా మొదలైన ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే పనిలో, ఒకే ప్రార్థనలో స్నేహితులయ్యారు. స్నేహం ప్రేమగా పండింది. కాథరీనా పొలం, పశువులు, తోట చూసుకుంటూ, విద్యార్థులతో, అతిథులతో నిండిన ఇంటిని నడిపింది. జబ్బుపడిన భర్తకు సేవ చేసింది. వారికి ఆరుగురు పిల్లలు. ఎలిజబెత్ పసికందుగానే పోయింది. 1542లో పదమూడేళ్ల మగ్దలేనా కన్నుమూసినప్పుడు ఇద్దరూ ఒకరి దుఃఖాన్ని ఒకరు మోశారు. లూథర్‌కు ఎంతో ప్రియమైనది గలతీ పత్రిక. దాన్ని ఆయన తన భార్య పేరుతోనే ముద్దుగా పిలుచుకున్నాడు.

వితంతువుకు, పిల్లలకు వేరే సంరక్షకులను నియమించడం ఆనాటి చట్టం. లూథర్ మాత్రం 1542లో రాసిన వీలునామాలో ఆస్తినీ, పిల్లల బాధ్యతనూ ఆమెకే అప్పగించాడు. ఒకనాడు ఆమెకు ఇష్టం లేని సంబంధం కుదర్చబోయిన వ్యక్తే, చివరికి ఆమె నిర్ణయాన్నే నమ్ముకున్నాడు. 1546లో ఆయన మరణించాక ఆమె యుద్ధాన్నీ పేదరికాన్నీ ఎదుర్కొని, 1552లో టోర్గావ్‌లో ప్రభువు సన్నిధికి చేరింది.

ఇస్సాకుకు భార్యను వెదకిన ఆ రోజుల్లో కూడా రిబ్కాను పిలిచి, ఆమె ఇష్టం అడిగాకే పంపించారు (ఆదికాండము 24:57, 58). ఆ పాటి మర్యాద మన ఇళ్లలో మన బిడ్డలకు దక్కుతోందా? సంబంధం ఎంత మంచిదైనా, తెచ్చినవారు ఎంత దైవభక్తులైనా, వద్దనే హక్కు ఆ బిడ్డకు ఉంది. లూథర్ అంతటివాడే ఆ మాట విన్నాడు. మనమూ విందాం.