కబీరు వేషం కట్టిన బళ్ళారి రాఘవ గారు

 మేము ఎనిమిదో తరగతితో చదువు ఆపి మగ్గం గుంటలో దిగినవాళ్ళం. నూలు లెక్కలు, సొసైటీ జమాఖర్చులు తప్ప పెద్ద రాతలు రాసి ఎరగం. అయినా ఈ వార్షికోత్సవ సంచికలో ఒక నటుని గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. ఆయన నేతగాడు కాదు, వకీలు. కాని నేతగాడి వేషం కట్టి గాంధీ గారినే కదలకుండా కూర్చోబెట్టారు.

ఆయన పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో పుట్టారు. బళ్ళారిలో హైస్కూలు, మద్రాసులో లా చదువు ముగించి, బళ్ళారిలోనే వకీలుగా నిలదొక్కుకున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరు కూడా అయ్యారు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్ళారిలో సరస వినోదిని సభ నడిపి నాటకాలు ఆడించేవారు. ఆ పిచ్చి మేనల్లుడికీ పట్టింది. పగలు కోర్టు, రాత్రి స్టేజీ.

అప్పట్లో నాటకమంటే రాగాలు తీసి పద్యాలు పాడడమే. భార్య చచ్చి పడి ఉన్నా మొగుడు రాగం తీయాల్సిందే. రాఘవ గారికి అది నచ్చలేదు. ఏడుపు ఏడుపులాగే, మాట మాటలాగే ఉండాలని ఆడి చూపించారు. ఆడవేషాలు ఆడవాళ్ళే కట్టాలని పట్టుబట్టి, చదువుకున్న స్త్రీలను స్టేజీ ఎక్కించారు. తెలుగే కాదు, కన్నడం, హిందీ, ఇంగ్లీషులో కూడా ఆడారు. 1928లో ఇంగ్లాండు వెళ్ళి బెర్నార్డ్ షా గారిని కలిసి వచ్చారు.

ఇక అసలు సంగతి. 1927లో గాంధీ గారికి ఆరోగ్యం దెబ్బతిని నంది కొండ మీద, తర్వాత బెంగుళూరులో విశ్రాంతి తీసుకున్నారు. ఆ రోజుల్లోనే రాఘవ గారు కబీరుగా ఆడిన దీనబంధు కబీర్ అనే హిందీ నాటకం చూశారు. కాసేపు చూసి లేచిపోదామని వచ్చినాయన అలాగే కూర్చుండిపోయారట. ప్రార్థన వేళ దాటిపోతోందని రాజాజీ గారు గుర్తు చేస్తే, మనం ఇప్పుడు చేస్తున్నదీ ప్రార్థనే గదా అన్న అర్థంలో జవాబిచ్చారని చెప్పుకుంటారు. నాటకం అయ్యాక రాఘవ గారికి జై కూడా కొట్టారట.

గాంధీ గారికి నాటకం మనసుకు తగలడం కొత్త కాదు. చిన్నప్పుడు చూసిన హరిశ్చంద్ర నాటకం ఆయన్ని ఎన్నాళ్ళో వదల్లేదు. మేమనుకునేది, కబీరు దగ్గర ఇంకో కారణం కూడా ఉండొచ్చు. కబీరు కాశీలో మగ్గం నేసి బతికిన మనిషి. గాంధీ గారు కూడా 1922లో అహ్మదాబాదులో కోర్టు ముందు నిలబెట్టి వృత్తి ఏమిటని అడిగితే, బారిస్టరు అని చెప్పలేదు. రైతును, నేతగాణ్ణి అని రాయించారు.

రాఘవ గారు 1946 ఏప్రిల్ 16న పోయారు. 1981లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది. బళ్ళారిలో ఆయన పేరున నాటకశాల ఉంది.

ఇదంతా ఎందుకు రాశామంటే, ఈ మధ్య మన పిల్లలు కాలేజీ ఫారాల్లో తండ్రి వృత్తి దగ్గర ప్రైవేటు పని అని రాస్తున్నారు. పెళ్ళి మాటల్లో మగ్గం సంగతి మనమే దాస్తున్నాం. మేమూ ఒకసారి దాచాం, ఒప్పుకుంటున్నాం. ఒక వకీలు మన వేషం కట్టాడు. ఒక బారిస్టరు మన పని తన పనిగా కోర్టులో రాయించాడు. ఈసారి ఫారం నింపేటప్పుడు, అమ్మా నాయనా, పిల్లల పక్కన కూర్చుని నేతపని అనే రాయించండి.