ముప్ఫయ్యారేళ్ళ ముసలాయన

మా నాయనమ్మకు సినిమా పేర్లు గుర్తుండేవి కావు. ‘నర్తనశాల’ను ‘కీచకుడి సినిమా’ అనేది. టూరింగు టాకీసులో నేల టికెట్టు మీద చూసిందట. ఆ సంగతి ఎప్పుడు కదిపినా ఒకటే మాట: “వాడి దుంపతెగ, అంత దుర్మార్గుడు అంత బాగుంటాడేమిట్రా!” ద్రౌపదిని ఏడిపించినవాణ్ణి తిట్టాలి కాబట్టి తిట్టేది. తిడుతూనే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. భీముడు వాణ్ణి చంపినందుకు సంబరమో, ఆ తర్వాత తెర మీద ఇక కనపడడన్న దిగులో ఆమే చెప్పలేకపోయేది.

ఆ కీచకుణ్ణి వేసిన ఎస్వీ రంగారావు అనగానే నాకు ముందు ఆ నవ్వే గుర్తొస్తుంది. జూలై నెల ఆయనది. 3న పుట్టారు, 18న పోయారు. 1918లో నూజివీడులో మొదలైన బతుకు 1974లో మద్రాసులో గుండెపోటుతో ముగిసింది. లెక్క వేసి చూడండి, యాభయ్యారేళ్ళ మీద పదిహేను రోజులు. ఈ లెక్క చెబితే చాలామంది నమ్మరు. “అదేమిటండీ, ఆయన బాగా పెద్దాయన కదా” అంటారు. వాళ్ళ తప్పేం లేదు. తెర మీద ఆయన్ని పడుచువాడిగా చూసినవాళ్ళు ఎంతమంది గనక?

‘దేవదాసు’ (1953)లో అక్కినేనికి తండ్రి. అప్పటికి రంగారావుకి ముప్ఫయ్యయిదు కూడా నిండలేదు. 1955 సంక్రాంతికి వచ్చిన ‘మిస్సమ్మ’లో అప్పాపురం జమీందారు, సావిత్రికీ జమునకీ తండ్రి. అసలు వయసు ముప్ఫయ్యారు. 1962 ‘గుండమ్మ కథ’కు వచ్చేసరికి రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఆయన కొడుకులే. రామారావు కంటే ఆయన పెద్ద ఎంతనుకున్నారు? ఐదేళ్ళు. ఐదేళ్ళ తేడాతో తండ్రి కావడం ప్రకృతిలో కుదరదు, విజయా వారి సెట్టులో కుదిరింది. చూసినవాళ్ళలో ఒక్కరూ “ఇదేం చోద్యం” అనలేదు.

విగ్గుతో అయ్యే పనైతే అందరూ చేద్దురు. జుట్టుకి తెల్లరంగు పూసుకుని, చెయ్యి వణికిస్తూ దగ్గడం అప్పటికీ ఇప్పటికీ మన నటులకు వచ్చిన ముసలితనం. రంగారావు దగ్గరు. కూర్చునే పద్ధతి మారుస్తారు. కుర్చీ తనదే, ఇల్లు తనదే, తొందరేముందన్నట్టు కూర్చుంటారు. లేచే ముందు ఒక్క క్షణం ఆగుతారు. ఎదుటివాడు మాట్లాడుతుంటే అతని మొహంలోకి కాదు, కాస్త పక్కకి చూస్తూ వింటారు. ఇంటి పెద్దలు వినేది అలాగే. సగం మాట వింటూ, మిగతా సగం మనిషిని తూస్తూ.

ఇంతకీ సినిమాల్లో ఆయన మొదటి వేషం పడుచు ప్రవరాఖ్యుడు! నాటకాల పిచ్చి కుర్రతనం నుంచీ ఉంది. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్‌లో వేషాలు కట్టారు. బీఎస్సీ చదివి ఫైర్ ఆఫీసర్‌గా బందరులోనూ విజయనగరంలోనూ పనిచేశారు. బి.వి. రామానందం తీసిన ‘వరూధిని’ కోసం ఆ ఉద్యోగం వదిలేశారు. సినిమా ఆడలేదు. మళ్ళీ ఉద్యోగం వెతుక్కుని జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో చేరారు. అక్కడే ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి కూడా నాకు ఇష్టం ఉండదు. తిరిగొచ్చాక 1950లో ‘షావుకారు’లో సున్నపు రంగడు వేశారు. మరుసటి ఏడాదే ‘పాతాళ భైరవి’. ముప్ఫై రెండేళ్ళవాడు నేపాళ మాంత్రికుడై గడ్డం నిమురుకుంటూ వచ్చాడు. కథానాయకుడు తోట రాముడే, కాదనను. కానీ హాల్లోంచి బయటికొచ్చిన పిల్లలు వీధుల్లో ఒకరినొకరు పిలుచుకున్నది ఆ మాంత్రికుడి మాటతో, ‘డింభకా’ అని.

ఆ మాంత్రికుడు గొంతు చించుకోడు. ఇది చిన్న విషయం కాదు. పౌరాణికమన్నా జానపదమన్నా అప్పటికి గొంతే పెట్టుబడి. మైకు లేని పందిట్లో చివరి వరుస దాకా వినపడాలని అరిచి అరిచి పెరిగిన నాటకం మనది. సినిమాలోకి వచ్చాక కూడా ఆ అలవాటు చాలామందిని వదల్లేదు. రంగారావుకి మైకు సంగతి తెలుసు. మైకు చెవిలో చెప్పినట్టు మాట్లాడేవారు. మాటకీ మాటకీ మధ్య జాగా వదిలి, ఆ జాగాలో ఒక ‘ఊఁ’ పడేసేవారు. ఒక్కోసారి తనలో తను గొణుక్కుంటున్నట్టే ఉంటుంది. అంత భారీ మనిషి అంత మెల్లగా మాట్లాడుతుంటే మనకే ఒళ్ళు జలదరిస్తుంది. కీచకుడి భయం, మా నాయనమ్మ మోజు రెండూ ఆ గొంతులోవే.

ఇక ‘మాయాబజార్’. 1957లో వచ్చింది. దాని గురించి రాయనివాళ్ళు లేరు, నేనొక్క సంగతే చెబుతాను. వివాహ భోజనం ఘట్టం కాదు. లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళడంలో సగం గొప్ప ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లేది. నేను చెప్పేది ఆయన తెర మీద లేని సన్నివేశాల గురించి. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలోకి మారాక అక్కడ కనిపించేది సావిత్రి. ఆ సావిత్రి నడక చూడండి. భుజాలు విరుచుకుని, కాలు దబ్బున వేస్తూ, కనుబొమ్మ ఎగరేస్తూ, అద్దం ముందు తనను చూసుకుని తనే మురిసిపోతూ నడుస్తుంది. తను ఎవరి రూపంలో ఉందో గుర్తుకు రాగానే సిగ్గుపడి మళ్ళీ ఆడపిల్ల అవుతుంది. పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడి కాలు తొక్కేది శశిరేఖ పాదమే, బరువు మాత్రం రంగారావుది. ఒక నటుడు తెర మీద లేకుండా ఇంకొకరి ఒంట్లో అంతసేపు కనపడటం మరెక్కడైనా జరిగిందా? సావిత్రి గొప్పతనం అందులో ఎంతుందో, అనుకరించడానికి వీలుగా ఒక మనిషిని నిలబెట్టిన రంగారావు గొప్పతనమూ అంతే ఉంది. గద భుజాన వేసుకుని నిలబడే ఆ తీరు ఆయన కట్టకపోతే, ఆమె పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. రచయిత పింగళి రాసిన ‘అసమదీయులు’ అనే మాట ఈనాటికీ మన నోట్లో నలుగుతోందంటే, ఆ మాటను నమ్మి పలికిన నోరు కూడా కారణమే.

కీచకుడికి 1964లో జకార్తా ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. తమిళులు ఆయన్ని తమవాడనుకున్నారు, ‘పడిక్కాద మేదై’ చూస్తే ఎందుకో తెలుస్తుంది. దర్శకత్వం కూడా చేశారు, ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’. రెండోదానికి నంది వచ్చింది. పద్మ పురస్కారం మాత్రం ఆయన గడప తొక్కలేదు. అభిమానులు పెట్టుకున్న విశ్వనట చక్రవర్తి బిరుదు ఆయన పేరు ముందు ఎంత గట్టిగా నిలబడిపోయిందంటే, ఇంకో బిరుదుకు చోటు కూడా లేదు. 2013లో భారతీయ సినిమాకు నూరేళ్ళని తపాలా శాఖ వేసిన బిళ్ళల్లో ఆయన బొమ్మ ఉంది. అంత మనిషిని అంత చిన్న కాగితంలో చూస్తే నాకైతే నవ్వొచ్చింది.

ఆయన వేసిన రాక్షసుల్లో నా ఓటు హిరణ్యకశిపుడికి. 1967లో ‘భక్త ప్రహ్లాద’. ఎదురుగా రోజారమణి, చిన్నపిల్ల. కొడుకుని చంపమని ఆజ్ఞ ఇచ్చే చక్రవర్తి కళ్ళల్లో ‘ఒక్కసారి కాదనరా నాన్నా’ అనే తండ్రి దాక్కుని ఉంటాడు. కోపం పెరిగేకొద్దీ ఆ తండ్రి బయటపడిపోతుంటాడు. దాచుకోవడానికి మళ్ళీ కోపం. పిల్లలతో మాట మాట పెరిగిన ప్రతి తెలుగింటి తండ్రీ అందులో కాసేపైనా తనను చూసుకుని ఉంటాడు.

ఈ కిరీటాలూ గదలూ అన్నీ పక్కన పెట్టి, ఆయన్ని మామూలు పంచెలో చూడాలనిపించినప్పుడు నేను ‘బంగారుపాప’ పెట్టుకుంటాను. బి.ఎన్. రెడ్డి తీశారు, పాలగుమ్మి పద్మరాజు రాశారు. మూలం జార్జ్ ఇలియట్ నవల ‘సైలాస్ మార్నర్’. రాష్ట్రపతి రజత పతకం వచ్చిన సినిమా. ‘మిస్సమ్మ’ వచ్చిన 1955లోనే విడుదలైంది, అంటే ఇక్కడా ఆయనకు ముప్ఫయ్యారే. కమ్మరి కోటయ్య అన్యాయంగా జైలుకెళ్ళి వచ్చినవాడు, పగ తప్ప లోకంలో ఏమీ మిగలనివాడు. గాలివాన రాత్రి అతనికి ఒక పసిబిడ్డ దొరుకుతుంది. సమ్మెట పట్టిన ఆ చేతులకు బిడ్డను ఎత్తుకోవడం రాదు. ఎక్కడ నలిగిపోతుందోనన్న బెరుకు కనిపిస్తుంది. మొహం ఇంకా పగ దగ్గరే ఉంటే, చేతులు మాత్రం అప్పుడే మెత్తబడిపోతాయి. ఆ తర్వాత ఆ బిడ్డ పెరుగుతుంటే కోటయ్య వంగుతాడు, జుట్టు నెరుస్తుంది, నడక నెమ్మదిస్తుంది. ఒక్క సినిమాలో ఒక మనిషి ముసలివాడు కావడం మన కళ్ళ ముందే జరిగిపోతుంది. ఆ వయసు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఆయన దాకా అది రానే లేదు.

జూలై 18 వస్తే టీవీలన్నీ ‘మాయాబజార్’ వేస్తాయి. దాన్ని మీరు ఎటూ చూస్తారు. ఈసారి వీలు చేసుకుని ‘బంగారుపాప’ చూడండి.