హెర్షీ వెనక ఎవరున్నారు?

మిల్టన్ హెర్షీ కథ మనకి సాధారణంగా ఒక్క ముక్కలో చెప్పేస్తారు. ఓడిపోయాడు, మళ్లీ ఓడిపోయాడు, పట్టు వదల్లేదు, చివరికి చాక్లెట్‌తో కోటీశ్వరుడయ్యాడు. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లకి ధైర్యం చెప్పడానికి ఈ కథ బాగానే పనికొస్తుంది. కానీ ఆయన జీవితం గురించి చదివేకొద్దీ నాకు ఇంకో ప్రశ్న వచ్చింది. ఓడిపోయిన ప్రతిసారీ ఆ మనిషిని ఎవరు భరించారు?

1857 సెప్టెంబర్ 13న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, డెర్రీ టౌన్‌షిప్‌లో పుట్టారు. తండ్రి హెన్రీది ఊహల ప్రపంచం. ఒక వ్యాపారం మొదలుపెట్టడం, అది మునిగిపోవడం, ఇంకో ఊరికి మకాం మార్చడం. తల్లి ఫ్యానీ పొదుపు తెలిసిన మెన్నోనైట్ ఇంటి ఆడపడుచు. ఈ తిరుగుడులో పిల్లాడి చదువు నాలుగో క్లాసు దగ్గరే ఆగిపోయింది. ప్రింటింగ్ ప్రెస్‌లో పనికి పెడితే కుదరలేదు. అప్పుడు తల్లి లాంకాస్టర్ ఊళ్లో జోసెఫ్ రాయర్ అనే మిఠాయి వ్యాపారి దగ్గర చేర్పించింది. పాకం ఎప్పుడు దించాలో, ఎంత సేపు కలపాలో హెర్షీ అక్కడే నేర్చుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఆయనకున్న ఇంటర్న్‌షిప్, డిగ్రీ రెండూ అవే.

1876లో, ఇంకా 19 ఏళ్లు కూడా నిండకముందే, ఫిలడెల్ఫియాలో సొంత మిఠాయి దుకాణం పెట్టారు. పెట్టుబడి 150 డాలర్లు తల్లి తోబుట్టువు మ్యాటీ ఇచ్చింది. తల్లీ, మ్యాటీ ఇద్దరూ అక్కడికే వచ్చి కూర్చుని మిఠాయిలకి కాగితాలు చుట్టారు. ఆరేళ్లు రాత్రీ పగలూ కష్టపడినా 1882లో దుకాణం మూతపడింది. అక్కణ్ణించి డెన్వర్ వెళ్లి ఒక మిఠాయి తయారీదారు దగ్గర కూలికి చేరారు. తాజా పాలు పోస్తే కారమెల్ మెత్తగా ఉంటుందనీ, ఎక్కువ రోజులు నిలుస్తుందనీ అక్కడ తెలిసింది. తర్వాత చికాగో, న్యూ ఆర్లీన్స్, న్యూయార్క్. ఎక్కడా నిలబడలేదు.

1886లో చేతిలో ఏమీ లేకుండా లాంకాస్టర్ తిరిగొచ్చారు. ఈసారి బంధువులు మొహం చాటేశారు. తండ్రి పోలికే వచ్చిందనుకున్నారేమో. ఆదుకున్నది పాత ఉద్యోగి లెబ్‌కిచర్. తల వాచుకోవడానికి చోటిచ్చి, రైల్వే దగ్గర ఆగిపోయిన సామాను విడిపించడానికి డబ్బు సర్దాడు. తల్లీ, మ్యాటీ మళ్లీ పనిలోకి దిగారు. ఈసారి కారమెల్ నడిచింది. ఇంగ్లండ్ నుంచి పెద్ద ఆర్డర్ వచ్చింది. కొన్నేళ్లలో లాంకాస్టర్ కారమెల్ కంపెనీలో వెయ్యిమందికి పైగా పనిచేసేవారు.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో జర్మనీ నుంచి వచ్చిన లేమన్ కంపెనీ చాక్లెట్ యంత్రాలు చూసి, అవే కొనేశారు. 1900లో కారమెల్ కంపెనీని పది లక్షల డాలర్లకి అమ్మేసి, చాక్లెట్ వ్యాపారం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నారు.

నేను కెమికల్ ఇంజినీరింగ్ విద్యార్థిని కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. చాక్లెట్‌లో ఉండేది కోకో వెన్న, అంటే కొవ్వు. పాలలో ఎక్కువ భాగం నీళ్లు. రెండూ కలవవు. కొంచెం తడి తగిలినా కరిగిన చాక్లెట్ గడ్డకట్టి ముద్దవుతుంది. స్విట్జర్లాండ్‌లో డేనియల్ పీటర్ 1870లలోనే దీనికి దారి కనిపెట్టినా, మిల్క్ చాక్లెట్ ఖరీదైన సరుకుగానే ఉండిపోయింది. హెర్షీ మనుషులు పాలని తక్కువ వేడి మీద, వాక్యూమ్‌లో, చక్కెరతో కలిపి చిక్కబరిచే పద్ధతి చాలా ప్రయోగాల తర్వాత పట్టుకున్నారు. ఆ చాక్లెట్‌లో కొంచెం పులుపు తగులుతుంది. యూరప్ వాళ్లకి ఆ రుచి నచ్చదు, అమెరికా వాళ్లకి అదే అలవాటైంది. 1905లో పుట్టిన ఊరి దగ్గరే, పాడి పశువుల మధ్య, పెద్ద ఫ్యాక్టరీ సిద్ధమైంది. ఐదు సెంట్ల హెర్షీ బార్ 1969 దాకా దొరికింది. సైజు మారుతూ వచ్చింది కానీ ధర కదల్లేదు.

ఆయన, భార్య కిట్టీకి పిల్లలు లేరు. 1909లో ఇద్దరూ అనాథ అబ్బాయిల కోసం ఉచిత వసతితో స్కూలు పెట్టారు. 1915లో కిట్టీ చనిపోయారు. 1918లో హెర్షీ తన ఆస్తినంతా, సుమారు 6 కోట్ల డాలర్లు, ఆ స్కూలు ట్రస్టుకి రాసిచ్చారు. ఐదేళ్ల వరకు లోకానికి ఆ సంగతి తెలియదు.

ఇంతమాత్రాన ఆయన్ని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. హెర్షీ ఊళ్లో ఇళ్లు, ట్రాలీ, పార్కు, బ్యాంకు అన్నీ ఆయనవే, మాట కూడా ఆయనదే. 1937లో కార్మికులు ఫ్యాక్టరీలో బైఠాయించి సమ్మె చేస్తే, పాలు అమ్ముడుపోని రైతులూ, కంపెనీ పక్షాన ఉన్న పనివాళ్లూ లోపలికి చొరబడి కర్రలతో కొట్టి వాళ్లని తరిమేశారు. స్కూల్లో మొదట తెల్లజాతి అబ్బాయిలకే ప్రవేశం. 1960ల చివర్లో జాతి నిబంధన పోయింది, 1970లలో అమ్మాయిలకి చోటు దొరికింది.

1945 అక్టోబర్ 13న, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ స్కూలు ఇప్పటికీ నడుస్తోంది. పేద ఇళ్ల పిల్లలు రెండు వేలమందికి పైగా ఫీజు లేకుండా చదువుతున్నారు.

నాకు అర్థమైంది ఇదీ. హెర్షీ పట్టుదల నిజమే, కానీ పదేళ్లపాటు ఓడిపోయే అవకాశం ఆయనకి మ్యాటీ, ఫ్యానీ, లెబ్‌కిచర్ ఇచ్చారు. తర్వాత ఆయన అలాంటి అండ లేని పిల్లలకి అండగా నిలబడ్డారు. మన క్లాసులో కూడా స్టార్టప్ పెడదామని ఉన్నా, ఇంట్లో వాళ్లు మొదటి జీతం కోసం ఎదురుచూస్తున్నారని వచ్చిన ఉద్యోగంలో చేరిపోయేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ధైర్యం లేదని మాత్రం అనకండి. మీ చేతిలో నాలుగు డబ్బులు ఆడిన రోజున, వాళ్లలో ఒక్కరికైనా మ్యాటీ ఇచ్చిన ఆ 150 డాలర్లలాంటిది ఇవ్వగలరేమో చూడండి.