ఇసుకను లెక్కపెట్టినాయన

ఆర్కిమెడీస్ అనగానే అందరికీ గుర్తొచ్చేది నీళ్ళతొట్టి, బట్టల్లేకుండా వీధిలో పరుగు. ఆ కథను విట్రూవియస్ అనే రోమన్ రాసిపెట్టింది ఆయన పోయిన దాదాపు రెండు వందల ఏళ్ళ తరవాత. నిజమో కాదో. నాకు ఆయన దగ్గరైంది వేరే సంగతి వల్ల.

బళ్ళో నన్ను ఏడిపించిన పాఠం ఘాతాంకాలు. (ఈ మాట డిపార్ట్‌మెంట్‌కి వచ్చినాకే నేర్చుకున్నాను, అంతకుముందు నాకది పవర్.) 10² అంటే 100, సరే. 10⁰ అంటే 1 అట! సున్నాసార్లు గుణిస్తే సున్నా రావాలి గదా? బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నానేగానీ ఆ అనుమానం అట్లానే ఉండిపోయింది.

ఆర్కిమెడీస్ క్రీ.పూ. 287 ప్రాంతంలో సిసిలీ దీవిలోని సిరక్యూస్ అనే గ్రీకు నగరంలో పుట్టాడు. తండ్రి ఫీడియాస్ ఖగోళ శాస్త్రం తెలిసినవాడు. గ్రీకులు అంకెలకు బదులు అక్షరాలు వాడేవాళ్ళు. మనకు లక్ష, కోటి ఉన్నాయి. వాళ్ళకు సొంత పేరున్న అన్నిటికన్నా పెద్ద సంఖ్య మిరియడ్, అంటే పదివేలే. మిరియడ్ల మిరియడ్ అని సాగదీసినా పదికోట్ల దగ్గర ఆగిపోవాలి. అందుకే ఇసుక రేణువులను చెప్పగల సంఖ్యే లేదని చాలామంది నమ్మేవాళ్ళు.

ఆర్కిమెడీస్ ఒప్పుకోలేదు. గెలోన్ రాజును ఉద్దేశించి ఒక చిన్న పుస్తకం రాశాడు. సముద్రపు ఒడ్డు ఇసుక ఒక లెక్కా, విశ్వమంతా ఇసుకతో నింపినా ఎన్ని రేణువులు పడతాయో చెప్తానన్నాడు. భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న అరిస్టార్కస్ విశ్వం ఇంకా పెద్దది కాబట్టి దాన్నే తీసుకున్నాడు. కొలతకు ఆయన వాడింది ఏమిటో తెలుసా? గసగసాలు! గింజలను వరసగా పేర్చి చూస్తే 25కే వేలి వెడల్పు దాటింది. తక్కువ పడకూడదని 40 అనుకున్నాడు. ఒక గింజంత చోటులో పదివేలకు మించి రేణువులు పట్టవు అనుకున్నాడు.

ఇక సంఖ్యలకు పేర్లు కావాలి. పదికోట్ల దాకా మొదటి అంతస్తు. ఆ పదికోట్లనే కొత్త ఒకటిగా పెట్టుకుని రెండో అంతస్తు, దాని చివరనుంచి మూడోది. ఇంత పెద్దవాటిని గుణించడం ఎట్లా? అక్కడే ఆయన ఒక నియమం పెట్టి నిరూపించాడు. 1, 10, 100, 1000 అని వరస రాసుకోండి. 1ది మొదటి చోటు అయితే 100ది మూడోది, 1000ది నాలుగోది. రెంటినీ గుణిస్తే వచ్చే లక్ష ఎక్కడుంటుంది? మూడూ నాలుగూ కలిపి ఒకటి తీసెయ్యండి. ఆరో చోట. గుణకారం కాస్తా కూడిక అయిపోయింది.

మనం 10² × 10³ = 10⁵ అని రాసేది ఇదే. ఆయన 1ని మొదటి చోటని లెక్కపెట్టాడు కాబట్టి ప్రతిసారీ ఒకటి తీసెయ్యాల్సి వచ్చింది. 1 ఉన్న చోటికి సున్నా అని నంబరు వేస్తే ఆ తీసివేత అక్కర్లేదు. అదీ సంగతి! 10⁰ అంటే సున్నాసార్లు గుణించడం కాదు, వరసలో 1 నిలబడ్డ చోటు. 1తో గుణిస్తే ఏ సంఖ్యా మారదు, సున్నా కలిపితే ఏ చోటూ కదలదు. ఇది చదివిన రోజు నేను హాస్టల్ మెట్లమీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

చివరికి ఆయనకు తేలింది, విశ్వమంతా నింపినా రేణువులు 10⁶³ దాటవని. ఈ గుర్తు మాత్రం మనది. ఘాతాంకాన్ని సంఖ్య నెత్తిమీద చిన్నగా రాయడం డెకార్ట్ 1637లో అచ్చువేసిన జ్యామితి పుస్తకంతో స్థిరపడింది.

రోమన్లు సిరక్యూస్‌ను ముట్టడించినప్పుడు ఆయన యంత్రాలే వాళ్ళను చాలాకాలం ఆపాయి. క్రీ.పూ. 212లో నగరం పడిపోయింది. ఆయన్ని ప్రాణాలతో ఉంచమని సేనాని మార్సెల్లస్ చెప్పినా ఒక సైనికుడు చంపేశాడంటారు. గోళమూ స్తంభమూ చెక్కిన రాయి తన సమాధిమీద ఉండాలని ఆయన కోరిక. క్రీ.పూ. 75లో సిసెరో సిసిలీలో అధికారిగా ఉండగా వెతికితే, ఊరివాళ్ళకే ఆ చోటు తెలియదు. ముళ్ళపొదల్లోంచి పైకి కనబడుతున్న ఆ గోళాన్ని, స్తంభాన్ని చూసి గుర్తుపట్టి, కొడవళ్ళతో దారి కొట్టించాడు.